సూది

ఛాతీ ఇరవై ఆరు.
నడుము పదిహేడు.
ముప్ఫై ఏళ్ళుగా మెడలో టేపు వేసుకు తిరుగుతున్నాను,
ఇంత తేడా ఏ ఆడపిల్ల ఒంట్లోనూ చూడలేదు.
చీటీ మీద కొలతలు రాసి
కింద పేరు రాశాను: సూది.

ముందు దానికి వేరే పేరుండేది.
నేరేడ్‌మెట్ ఫ్లాట్లో వాళ్ళు పెట్టింది,
కాగితం మీద జాతి పక్కన, విప్పెట్ అని.
"కాపలాకని తెచ్చుకున్నం,
ఏడాదిల మూడుసార్లు మొరిగింది"
అని గొలుసు నా చేతికిచ్చి వెళ్ళిపోయారు.
మూడు బ్లౌజుల కూలీ బాకీ ఉన్నవాళ్ళు.
ఆ మాట నేనూ ఎత్తలేదు.

మొదటి వారమంతా ఆనంద్‌బాగ్ గల్లీ
నన్ను నిలబెట్టి అడిగింది.
"ఏందక్కా, తిండి పెడ్తలేవా?"
"బొక్కలు లెక్కపెట్టొచ్చు గదా పాపం!"
పాలపాకెట్ల అనసవ్వ జాలిపడి
రాత్రి మిగిలిన బగారన్నం తెచ్చి పోసింది.
మూడు పక్కటెముకలు కనబడాలట.
కనబడకపోతేనే నన్ను తిట్టాలట.
డాక్టరు నీరజాక్షి చెప్పిన ఈ మాట
గల్లీకి ఎట్లా నచ్చజెప్పను?
ఒంటికి తగ్గట్టు కుట్టిన గుడ్డ అవ్వా అది,
వదులు లేదు, బిగుతు లేదు అన్నాను.
అనసవ్వ మర్నాడు రెండు గుడ్లు తెచ్చింది.

తెల్లవారి నాలుగున్నరకి రైల్వే గ్రౌండు.
ఎండాకాలం ఆ పూట దాటితే లేదు,
అరచేయి తారు మీద పెట్టి పది లెక్కపెడతాను,
నా చెయ్యి ఓర్చుకోకపోతే దాని పాదమూ ఓర్చుకోదు.
గొలుసు విప్పగానే...
ఏమని చెప్పను,
మిషను పెడలు మీద కాలు పడ్డాక
సూది కనబడదు,
కుట్టు కనబడుతుంది.
అట్లా.
నాలుగు కాళ్ళూ నేలని వదిలే క్షణం ఒకటుంటుంది.
నా దగ్గర పని నేర్చుకునే ఫర్జానా
దాన్ని సెల్లులో పట్టాలని
మూడుసార్లు ఖాళీ మైదానాన్ని ఫొటో తీసింది.
రెండు నిమిషాలు, అంతే.
ఇక రోజంతా పడక,
పెళ్ళివాళ్ళ పట్టు లైనింగుల మీద,
దుకాణంలో పనంతా తనే చేసినట్టు.

శ్రావణంలో, పెళ్ళిళ్ళ బ్లౌజులు నెత్తి మీదున్న రోజున,
పిల్లి వెనక పడి రేకుల షెడ్డు అంచుకి తగిలింది.
ఆ చర్మం ఏపాటిది?
వాయిల్ చిరిగినట్టు చిరిగింది,
చప్పుడు కూడా విన్నాను.
అది అరవలేదు.
నేను అరిచాను.
ఆటోలో నా కొంగంతా తడి.
"ముందు సూది వెయ్యాలి" అంది డాక్టరు.
తనని పిలిచారనుకుని
బల్ల మీదే తోక ఊపింది.

ఏడు కుట్లు.
పక్కనే నిలబడి ఒక్కోటీ చూశాను.
మూడోది కొంచెం వంకర.
నాలుగుకీ ఐదుకీ మధ్య ఎడం ఎక్కువ.
ఫర్జానా అయితే విప్పించి మళ్ళీ కుట్టించేదాన్ని.
నోరు మూసుకున్నాను.
"మీరు టైలరా అమ్మా?" అంది ఆవిడ
తలెత్తకుండానే.

ఇప్పుడు డిసెంబరు.
మౌలాలి గుట్ట దిక్కు నుంచి గాలి.
మనకి చలి కాదు గానీ
దానికి కొవ్వు లేదు, బొచ్చు లేదు,
అర్ధరాత్రి దుప్పటి అంచుని ముక్కుతో ఎత్తి
అడగకుండా లోపలికొస్తుంది,
నా మోకాళ్ళ వెనక సందులో
చల్లటి ముక్కు దూర్చి నిట్టూరుస్తుంది.
బజార్లో కుక్క స్వెటర్లన్నీ గుండ్రటి కుక్కలకే.
ఛాతీకి పడితే నడుం దగ్గర సంచి.
నడుముకి పడితే మెడ దాటదు.

అందుకే ఈ కొలతలు.
పైన మెరూన్ వెల్వెట్, ఎవరి లెహంగాలోదో మిగిలిన ముక్క.
లోపల ఫ్లానెల్.
జాయింటు ఎడమ పక్కకి జరిపాను,
కుడి పక్క మచ్చకి రాసుకోకుండా.
ఇంత నెమ్మదిగా ఈ మధ్య
ఏ గుడ్డా కుట్టలేదు.

తొడిగాను.
గడప దగ్గర కొయ్యబారిపోయింది.
అడుగు వెయ్యదు, తోక కదపదు,
పరువు పోయిన మొహం.
ఫర్జానా నవ్వు ఆపుకోలేక బయటికి పోయింది.
నేను గుండుసూదులు పెదాల మధ్య పెట్టుకుని
మోకాళ్ళ మీద కూర్చుని
మళ్ళీ టేపు తీశాను.
చంక దగ్గర,
అరంగుళం.